తిప్పి చూసే అలవాటు

సెప్టెంబరు 14

ఏమే పంతులమ్మా,

ముందు కుర్చీలో కూర్చుని, తర్వాత ఈ ఉత్తరం చదువు. నేను మళ్ళీ బడిలో చేరాను. నవ్వింది చాలు. ఆరో తరగతి మధ్యలో వదిలేసినదాన్ని, నలభై ఆరేళ్ళు వచ్చాక వెళ్ళి ఇంగ్లీషు క్లాసులో కూర్చున్నాను. మీ బావ మూడు రోజులపాటు నన్ను ‘విద్యార్థినీ’ అని పిలిచాడు. నాలుగో రోజు కూరలో ఉప్పు వెయ్యలేదు. అప్పటి నుంచి పేరు పెట్టే పిలుస్తున్నాడు.

ఎందుకు చేరానో నీకు చెప్పాలి. మా డ్రైక్లీనింగ్ షాపులో నా బల్ల తెర వెనక ఉంటుందని రాశాను కదా. ముందు గదిలో షాపు ఆవిడ బట్టలు తీసుకుంటుంది. చిరిగినవి బుట్టలో నా దగ్గరికి వస్తాయి. నేను రఫూ చేసి మళ్ళీ బుట్టలో పెడతాను. ఈ పరాయి దేశంలో మూడేళ్ళుగా మనిషి మొహం చూడకుండా హాయిగా గడిచిపోయింది. పోయిన నెల ఒకతను స్వెటరు ఇచ్చి వెళ్ళాడు. రెండు మోచేతుల దగ్గరా పురుగు కొట్టేసింది. వాళ్ళమ్మ అల్లిందట, ఆవిడ ఈమధ్యే పోయిందట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. నేను లోపలి మడతలోంచి అదే ఉన్ని పోగులు లాగి, రెండు రోజులు కూర్చుని చేశాను. అతను వచ్చి, చిల్లులు ఎక్కడున్నాయో వెతుక్కుని, దొరక్క, తెర తొలగించుకుని లోపలికే వచ్చేశాడు. నా ముందు నిలబడి చాలాసేపు ఏదో చెప్పాడు. చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. నేను ‘ఓకే’ అన్నాను. మళ్ళీ ఏదో అడిగాడు. మళ్ళీ ‘ఓకే’ అన్నాను. కాసేపు నా మొహం చూసి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నాకు అన్నం సహించలేదే. అంత దుఃఖం తెచ్చి నా బల్ల మీద పెడితే నేనిచ్చింది ఆ ఒక్క ముక్క. ఇంకోసారి ఎవరైనా అలా వస్తే నాలుగు మాటలు మాట్లాడాలి. నాకున్న కోరిక అదొక్కటే.

క్లాసు మీ బావ పనిచేసే ఆసుపత్రి వెనక సందులో, మేడ మీద గదిలో. టీచరు అరవై దాటిన మనిషి, తాడిలా పొడుగు. మొదటి రోజే మా పుస్తకాలన్నీ మూయించేసింది. ప్రతి శనివారం మమ్మల్ని బొమ్మల మ్యూజియానికి తీసుకెళ్తుంది. జనంలో తప్పిపోకుండా గొడుగు పైకెత్తి ముందు నడుస్తుంది, వెనక మేం పదకొండుమందిమి. అందుకని ఆవిడకి గొడుగు టీచరు అని పేరు పెట్టాను. ఒక బొమ్మ ముందు మమ్మల్ని నిలబెట్టి, ‘ఏం కనిపిస్తోందో ఇంగ్లీషులో చెప్పండి’ అంటుంది. నా వంతు వచ్చినప్పుడు ‘విండో’ అన్నాను. ఆ తర్వాత ఇంకేం రాలేదు. బొమ్మలో కిటికీ ఉందిలే, అది మాత్రం నిజం.

ఇది చదువంటావా, షికారంటావా? మనింట్లో ఇంగ్లీషు తెలిసినదానివి నువ్వొక్కదానివే. నువ్వు ఎలా చెబితే అలా.

మొద్దు అక్క

*

అక్టోబరు 2

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు ఎగిరి గంతేశాను, తర్వాత ఒళ్ళు మండింది. నువ్వు చదువుకుంటున్నందుకు గంతు, ఆవిడ చెప్పే పద్ధతికి మంట. పుస్తకాలు మూయించడమేమిటి? నేను పంతొమ్మిదేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. యాభై రెండు మంది ఎనిమిదో తరగతి పిల్లల చేత కర్త, కర్మ, క్రియ అప్పజెప్పించి గొంతు పోగొట్టుకున్నాను. గొడుగేసుకుని ఊరేగితే వచ్చే భాషయితే మాకీ తిప్పలెందుకు?

దీంతో పాటు ఒక పట్టిక పంపుతున్నాను. నలభై క్రియలు, మూడేసి రూపాలు. రోజుకు నాలుగు చొప్పున బట్టీ పట్టు. ఎర్ర సిరాతో రాసినవి మరీ ముఖ్యం. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకో. ఇవన్నీ వచ్చేదాకా ఎవరి ముందూ నోరు తెరవకు. తప్పుగా మాట్లాడి నవ్వులపాలు కావడం దేనికి?

నా చదువు ఆగకూడదని నువ్వు బడి మానేసి సూది పట్టావని అమ్మ వెయ్యిసార్లు చెప్పింది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు. అందుకే నీ చదువైనా సవ్యంగా సాగేలా చూడాల్సింది నేనే.

బావగారిని ఉప్పు విషయంలో క్షమించు.

నీ చెల్లి

*

అక్టోబరు 20

పంతులమ్మా,

పట్టిక అందింది. ఎంత అందంగా రాశావే! అచ్చేసినట్టుంది. నా సూదుల పెట్టె మూతకి లోపలివైపు అంటించుకున్నాను. దారం తీసినప్పుడల్లా కనిపిస్తుంది.

మా క్లాసు వాళ్ళ సంగతి వింటే పొట్ట పట్టుకుని నవ్వుతావు. రొట్టెల బట్టీలో పనిచేసే ఆయనకి ఏ బొమ్మ చూపించినా ముందు బల్ల మీద రొట్టె ఉందా లేదా అని చూస్తాడు. ఉంటే అది ఎన్నాళ్ళ కిందటిదో చెబుతాడు. గోడలకి రంగులేసే అన్నదమ్ములిద్దరు బొమ్మల జోలికే పోరు. బొమ్మల వెనక గోడకి రెండో పూత సరిగ్గా పడలేదని వాళ్ళ బాధ. పసిపిల్లల్ని చూసుకునే ఆవిడైతే బొమ్మలో తల్లి బిడ్డని పట్టుకున్న తీరు చూసి కళ్ళెర్రజేసింది. మెడ కింద చెయ్యి లేదట. అప్పటిదాకా నోరు మెదపనిది, గడగడా ఆరు వాక్యాలు చెప్పింది.

ఇక నా సంగతి. పట్టుగౌను వేసుకున్న పెద్దింటి ఆవిడ బొమ్మ ఒకటుంది. అందరూ ఆవిడ కళ్ళు చూస్తుంటే నేను చేతి అంచు చూశాను. అక్కడ మడత కుట్టు ఊడి, రెండంగుళాలు వేలాడుతోంది. బొమ్మ గీసినాయన అది కూడా వదల్లేదు. నాకు ఉండబట్టలేదు. ‘ఐ సీ స్లీవ్. ఐ సీ ఓపెన్. షి నీడ్ మి’ అన్నాను. గొడుగు టీచరు చప్పట్లు కొట్టింది. పక్కన తెలియని వాళ్ళు కూడా నవ్వారు. ఎగతాళిగా కాదే, ముచ్చటగా.

ఆవిడకి పెట్టె తెరిచి నీ పట్టిక చూపించాను, మా చెల్లెలు ఇంగ్లీషు పంతులమ్మ అని గొప్పగా చెప్పుకుందామని. ఆవిడ చిన్నగా నవ్వి, సగం మాటలతో సగం సైగలతో, ‘ఇది పెట్టెలోనే ఉండనివ్వండి, మీరు కళ్ళు తెరవండి’ అంది. ఆవిడతో మాట్లాడుతుంటే భయం వెయ్యదు. నువ్వు కూడా పిల్లలకి ఇలా చెబితే ఎంత బాగుంటుందో అనిపించింది.

అక్క

*

నవంబరు 8

అక్కకి,

ఉత్తరం అందింది. అందరం కులాసా.

నా పట్టిక చూసి మీ టీచరుగారికి నవ్వొచ్చినందుకు సంతోషం. నవ్వించడం కూడా ఒక విద్యేనట. మా బడిలో గోడలకి బొమ్మలు లేవు, ఒక నల్లబల్ల ఉంది. మేం దాంతోనే సరిపెట్టుకుంటాం. ఫిబ్రవరి 20న ఇన్‌స్పెక్టరు వస్తున్నారు. ఈసారి రాతపుస్తకాలు చూడరట, క్లాసులో కూర్చుని పిల్లలతోనూ నాతోనూ ఇంగ్లీషులోనే మాట్లాడతారట. నాకేం బెంగ లేదు. ఎటొచ్చీ తీరికే ఉండదు. కాబట్టి ఉత్తరాలు ఆలస్యమైతే ఏమీ అనుకోవద్దు.

మీ టీచరుగారికి నా నమస్కారాలు.

చెల్లెలు

*

నవంబరు 10

చిట్టితల్లీ,

నిన్ను పంతులమ్మా అని ఆటపట్టించే ఓపిక ఇవాళ లేదు. పెద్ద తప్పు చేశాను. మీ బావకి కూడా చెప్పలేదు.

నిన్న మ్యూజియంలో కొత్త గదికి వెళ్ళాం. అక్కడ గోడ పొడుగునా ఒక నేత బొమ్మ వేలాడదీశారు. రంగుల పోగులతో నేసిన వేట దృశ్యం. గుర్రాలు, కుక్కలు, చెట్లు అన్నీ మన ఎత్తున ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి నా విద్యకి సంబంధించినది ఒకటి కనిపించింది. దగ్గరికి వెళ్ళి చూస్తే, తెల్లగుర్రం ముందుకాలు దగ్గర పేక పోగు కాస్త బిగువుగా ఉంది. మిగతా నేత లాంటిది కాదు. ఎవరో రఫూ చేశారు. ఎవరో కానీ గట్టి చెయ్యే. బట్ట తిప్పి వెనక చూస్తే తప్ప ఎలా కట్టారో తెలియదు. నేను ఏ బట్ట చేతికొచ్చినా ముందు తిప్పే చూస్తాను, నీకు తెలుసు కదా. నీ పెళ్ళిచూపుల నాడు పెళ్ళికొడుకు కండువా కూడా తిప్పి చూశానని అమ్మ తిట్టింది.

అలాగే చెయ్యి దానంతట అది వెళ్ళి, అంచు పట్టుకుని తిప్పేసింది.

గణగణమని గంట మోగింది. కాపలా మనిషి పరిగెత్తుకుంటూ వచ్చాడు. గది నిండా జనం. అతను ఏదో అడుగుతున్నాడు. నా నోటికొచ్చింది ‘ఓకే’. గొడుగు టీచరు ఎంత చెప్పినా వాళ్ళు వినలేదు. అది కొన్ని వందల ఏళ్ళనాటి బట్ట అట. ఆ గది ఆఫీసరమ్మ ఊళ్ళో లేదు. ఆవిడ డిసెంబరు 13న వస్తుంది, ముట్టుకున్న మనిషి స్వయంగా వచ్చి ఎందుకు ముట్టుకుందో చెప్పాలి, అప్పటిదాకా మా క్లాసు మ్యూజియంలో అడుగు పెట్టకూడదు అని చెప్పి పంపేశారు. దారిలో టీచరు నిదానంగా విడమరిచి చెబితే ఇదంతా నాకు అర్థమైంది.

నా ఒక్కదాని వల్ల పదిమందికి శనివారం పోయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధగా ఉంది. పసిపిల్లల ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఇంటి దాకా వచ్చింది.

నేను చెప్పలేనే. అక్కడ నిలబడితే మళ్ళీ ‘ఓకే’ అంటాను. నువ్వు రాసి పంపు, ఆఫీసులో ఎలా మాట్లాడాలో నీకు తెలుసు. తెలుగు అక్షరాల్లోనే రాయి, బట్టీ పట్టి అప్పజెబుతాను. 13 లోపల అందేలా చూడు.

అక్క

*

నవంబరు 25

అక్కా, అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. పై ప్రాణాలు పైనే పోయాయి. నా మునుపటి ఉత్తరం ఈపాటికి నీకు చేరి ఉంటుంది. అది చదివావా? చదవకపోతే చింపేయి. చదివితే మర్చిపో. నువ్వు ఇంత కష్టంలో ఉంటే నేను మూతి ముడుచుకుని ‘మీ టీచరుగారికి నమస్కారాలు’ అని రాశాను.

కింద రాసింది బట్టీ పట్టు. నిటారుగా నిలబడి, చేతులు కట్టుకుని, గుక్క తిప్పుకోకుండా చెప్పు.

‘రెస్పెక్టెడ్ మేడమ్, ఐ హంబ్లీ బెగ్ టు స్టేట్ దట్ ఐ వజ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ ఆన్ ది సెడ్ డే. దేర్‌ఫోర్ ఐ రిక్వెస్ట్ యూ టు కైండ్లీ ఎక్స్‌క్యూజ్ మి. థాంకింగ్ యూ, యువర్స్ ఒబీడియెంట్లీ.’

అంటే ఆ రోజు నాకు జ్వరంగా ఉంది, దయచేసి మన్నించండి అని. నీకు జ్వరం లేదని నాకూ తెలుసు. కానీ జ్వరం అని చెబితే ఎవరూ కాదనలేరు. మా బడిలో ఇన్నేళ్ళలో జ్వరం ఉత్తరం వెనక్కి పంపిన హెడ్మాస్టరు ఒక్కరూ లేరు. ఒక్క అక్షరం కూడా మార్చకు, మారిస్తే తప్పులొస్తాయి.

ధైర్యంగా ఉండు.

నీ చెల్లి

*

డిసెంబరు 14

పంతులమ్మా,

నిన్న వెళ్ళొచ్చాను. ముందే చెబుతున్నాను, అంతా మంచే జరిగింది. ఇక నిమ్మళంగా చదువు.

నీ కాగితం నాలుగు రోజులు బట్టీ పట్టాను. రఫూ చేస్తూ, అంట్లు తోముతూ అదే జపం. మీ బావకి కూడా వచ్చేసింది. చివరికి ఆయనకి అసలు సంగతి చెప్పక తప్పలేదు. తిడతాడనుకుంటే, ‘వెనక ఎలా ఉంది మరి?’ అని అడిగాడు. ముప్ఫయ్యేళ్ళు నాతో కాపురం చేశాడు కదా, ఆ జబ్బు ఆయనకీ అంటింది.

ఆఫీసరమ్మ గది చిన్నది. రెండు కుర్చీలు, కిటికీలో ఒక మొక్క. గొడుగు టీచరు బయట కూర్చుంది. నేను నిటారుగా నిలబడి, చేతులు కట్టుకుని, నువ్వు రాసింది ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పేశాను. ఆవిడ కంగారు పడిపోయింది! ‘ఫీవర్?’ అని లేచి, మంచినీళ్ళు ఇచ్చి, కిటికీ తెరిచింది. ఇప్పుడు ఎలా ఉంది, డాక్టరు దగ్గరికి వెళ్ళారా అని అడుగుతోంది. అది నాకు అర్థమైంది. కానీ దానికి జవాబు నీ కాగితంలో లేదు. ‘ఓకే’ పెదవుల దాకా వచ్చింది. స్వెటరు మనిషి గుర్తొచ్చాడు. ఈసారి ‘ఓకే’ అంటే ఇక జన్మలో నోరు తెరవనని నాకు తెలిసిపోయింది.

నా కోటు అంచు పట్టుకుని తిప్పాను. అది నేను రఫూ చేసుకున్న కోటే. ముందు చూపించాను, తర్వాత వెనక చూపించాను. ‘నో ఫీవర్’ అన్నాను. ‘ఐ సారీ. ఫ్రంట్, ఎవ్రీబడీ లుక్. ఐ లుక్ బ్యాక్. బ్యాక్ ఈజ్ మై వర్క్’ అన్నాను. అప్పుడింక ఆగలేదే! ‘వైట్ హార్స్, లెగ్, నాట్ సేమ్ హ్యాండ్. అనదర్ హ్యాండ్. గుడ్ హ్యాండ్’ అన్నాను. ఎన్ని తప్పులున్నాయో నీకే తెలియాలి. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, నన్ను పైనుంచి కిందికి చూసి, ఫోను తీసింది.

వచ్చిన మనిషి, మ్యూజియంలో పాత బట్టలు బాగుచేసే ముసలాయన. మెడలో తాడుకి భూతద్దం వేలాడుతోంది. నా కోటు అంచు చూశాడు. నా వేళ్ళు చూశాడు. చూసి, తన బొటనవేలు చూపించాడు. సూది పోట్లతో అదీ నా దానిలాగే కాయ కాసి ఉంది. ఇద్దరం నవ్వేశాం.

ఆయన గదిలో ఇంకో నేత బొమ్మ బల్ల మీద బోర్లా పరిచి ఉంది. చేతులు కడిగించి నన్ను దాని దగ్గరికి తీసుకెళ్ళాడు. ఏం చెప్పమంటావు! ముందువైపు ఎండకీ వెలుతురుకీ వెలిసిపోయి, ఆకులన్నీ నీలంగా ఉంటాయి. వెనకవైపు వెలుతురు చూడలేదు కదా, పచ్చరంగు పచ్చగానే ఉంది. నిన్న ముంచిన రంగులా ఉంది. వందల ఏళ్ళు గోడ వైపు తిరిగి ఉందది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ‘గ్రీన్’ అన్నాను. ఆయన ‘యెస్, గ్రీన్’ అన్నాడు.

క్లాసుకి మళ్ళీ అనుమతి ఇచ్చారు. నన్ను బుధవారం సాయంత్రాలు వచ్చి పని చూడమన్నాడు ఆయన.

నీ మునుపటి ఉత్తరం కూడా చదివాను. చింపలేదు. నా మీద కోపమొచ్చిందని అర్థమైంది కానీ ఎందుకో అర్థం కాలేదు. అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. ఆ కాగితంలో జ్వరమే ఎందుకు రాశావు? నువ్వు ఇలాంటి చోట ఎప్పుడైనా మాట్లాడి ఉంటావు కదా, అప్పుడు ఏం చెప్పావు?

అక్క

*

జనవరి 19

అక్కా,

ఇన్నాళ్ళు ఎందుకు రాయలేదో చెబుతాను. నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు మూడుసార్లు రాసి చింపేశాను.

ఎప్పుడూ మాట్లాడలేదక్కా. పంతొమ్మిదేళ్ళలో ఒక్క మనిషితో, ఒక్కసారి కూడా ఇంగ్లీషులో మాట్లాడలేదు. పాఠం తెలుగులో చెబుతాను, నోట్సు ఇంగ్లీషులో రాయిస్తాను. పిల్లలు అప్పజెబుతారు. ఇంగ్లీషులో నాకు రాయడం వచ్చిన ఉత్తరం ఒక్కటే, సెలవు ఉత్తరం. అది రాయడం నాకెవరో నేర్పారు, నేను పిల్లలకి నేర్పాను. అందుకే నీకు జ్వరం పంపాను. నా దగ్గర ఇంకేం లేదు.

ఆరేళ్ళ కిందట రైల్వే స్టేషనులో ఒక విదేశీ ఆవిడ నన్ను ఏదో అడిగింది. పక్కనే మా బడి పిల్లలు ఉన్నారు. నేను చెవులు చూపించి, వినిపించదన్నట్టు సైగ చేశాను. ఆవిడ జాలిగా నా భుజం తట్టి వెళ్ళిపోయింది. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. మీ మరిదికి కూడా.

నువ్వు మానేసిన బడి నాకు దక్కింది. నువ్వు ఊరందరికీ ‘మా చెల్లెలు ఇంగ్లీషు పంతులమ్మ’ అని చెప్పుకుంటుంటే లోపల కుంగిపోయేదాన్ని. మీ టీచరు నా పట్టిక చూసి నవ్విందంటే, నన్ను తిప్పి చూసేసిందేమో అనిపించింది. అందుకే కోపం. ఆవిడ మీద కాదు, నీ మీదా కాదు.

ఫిబ్రవరి 20 దగ్గరపడుతోంది. బెంగ లేదని రాశాను, అబద్ధం. రోజూ ఆ తారీకే కళ్ళ ముందు ఆడుతోంది. యాభై రెండు మంది పిల్లల ముందు ఆయన నన్ను ఏదో అడుగుతారు, నేను మళ్ళీ చెవులు చూపించలేను కదా. ఆ రోజుకి జ్వరం ఉత్తరం ఇచ్చేద్దామని అనుకుంటున్నాను. ఎవరూ కాదనలేరు.

నన్ను తిట్టాలనుంటే తిట్టు.

చెల్లి

*

ఫిబ్రవరి 3

చిట్టితల్లీ,

తిట్టను. ముందు నా ముడి ఒకటి విప్పుతాను.

నేను బడి మానేసింది నీ కోసం కాదే. ఆరో తరగతిలో మాస్టారు నన్ను బల్ల మీద నిలబెట్టి పాఠం అప్పజెప్పమన్నాడు. ఇంట్లో పది సార్లు చదివాను, అక్కడ నోరు పెగల్లేదు. క్లాసంతా నవ్వింది. మర్నాడు చస్తే వెళ్ళనన్నాను. అమ్మ కొట్టింది, బతిమాలింది, చివరికి సూది చేతికిచ్చింది. పరువు పోకుండా ‘చెల్లెలి చదువు కోసం మానేసింది’ అని అందరికీ చెప్పింది. వినీ వినీ నాకు కూడా అది బాగుందనిపించింది. ఊరికే కూర్చుని త్యాగమూర్తినయ్యాను, ఎందుకు కాదంటాను? అది విని నువ్వు ఇన్నేళ్ళు ముద్ద దిగక కుమిలిపోతున్నావని తెలిస్తే ఆ రోజే చెప్పేదాన్ని. తప్పు నాది. మనిద్దరి జబ్బూ ఒకటే. నాకు ఆరో తరగతిలో బయటపడింది, నీకు రైల్వే స్టేషనులో.

ఇంకో మాట. స్వెటరు మనిషి మళ్ళీ వచ్చాడు, ఈసారి మఫ్లరుతో. గొంతు గుర్తుపట్టి నేనే తెర తీసుకుని బయటికి వెళ్ళాను. ‘యువర్ మదర్ మేక్?’ అన్నాను. అతను పావుగంట నిలబడి చెప్పాడు. సగం అర్థమైంది. ఆవిడ ఎడంచేత్తో అల్లేదట. నేను ‘ఐ నో. ఐ సా బ్యాక్’ అన్నాను. నిజంగానే తెలుసు, పోగులు అటు తిరిగి ఉన్నాయి. అతను నవ్వాడే, ఏడవలేదు.

దీనితో ఒక ఫోటో పంపుతున్నాను. బట్టలు బాగుచేసే ముసలాయన పని మొదలెట్టే ముందు ప్రతిదానికీ ఫోటో తీస్తాడు. ఇది బల్ల మీద ఉన్న ఆ బొమ్మ వెనకవైపు. అంచు పట్టుకుని సాయం చేద్దామనుకుంటే కాయ కాసిన నా బొటనవేలు కూడా పడింది. ఫోటో పాడు చేశానని నొచ్చుకున్నాను, ఆయనేమో ఇదే మంచిదని నాకు ఇచ్చేశాడు. దీన్ని పిల్లల ముందు పెట్టు. అదేమిటో నువ్వు చెప్పకు. ఏం కనిపిస్తోందో వాళ్ళనే చెప్పమను. ఎవరి మాట వాళ్ళది, తప్పులు దిద్దకు. నాకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే.

జ్వరం ఉత్తరం ఇస్తావో ఇవ్వవో నీ ఇష్టం. ఏం చేసినా నువ్వు నా చెల్లెలివే, నేను ఊరందరికీ చెప్పుకుంటూనే ఉంటాను.

అక్క

*

ఫిబ్రవరి 21

అక్కా,

నీ ఉత్తరం మొన్న సాయంత్రం అందింది. ఒక్క రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో.

బడి సంగతి చదివి ముందు నీ మీద పట్టరాని కోపమొచ్చింది. ముప్ఫయ్యేళ్ళు నన్ను ఏడిపించావు కదే! తర్వాత ఒక్కదాన్నే కూర్చుని పకపకా నవ్వాను. మీ మరిది నిజంగానే జ్వరమనుకుని నుదురు పట్టి చూశారు.

అయినా నిన్న పొద్దున సెలవు ఉత్తరం రాశాను. అబద్ధమెందుకు. రాసి, మడిచి, పుస్తకంలో పెట్టుకుని బడికి వెళ్ళాను. హెడ్మాస్టరు గది ముందు నిలబడితే నీ బొటనవేలు గుర్తొచ్చింది. లోపలికి వెళ్ళకుండా క్లాసుకి వెళ్ళిపోయాను.

ఇన్‌స్పెక్టరు చివరి బల్ల మీద పిల్లల పక్కన కూర్చున్నారు. నేను ఫోటో నల్లబల్లకి అంటించాను. చిన్నది కదా, పిల్లల్ని వరసగా వచ్చి చూడమన్నాను. ‘వాట్ డు యూ సీ?’ అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సగంమంది నోట్సు పుస్తకాలు తీసి, నేను చెబితే రాసుకుందామని కలాలు పట్టుకున్నారు. చివరికి, రెండేళ్ళుగా నా క్లాసులో నోరు విప్పని పిల్ల ఒకతి లేచి ‘ఐ సీ నాట్స్’ అంది. వాళ్ళమ్మ వలలు అల్లుతుందట. ముళ్ళు దానికి తెలియకపోతే ఎవరికి తెలుస్తాయి? ఇక మొదలైంది. ఒకడికి ఆకులు, ఒకడికి పాము, ఒకతికి జుట్టు. అరుపులే అరుపులు. పంతొమ్మిదేళ్ళలో నా క్లాసు అంత గోల ఎప్పుడూ చెయ్యలేదు. ఒక్క తప్పు కూడా దిద్దలేదక్కా. నాలుక కొరుక్కున్నాను, కానీ దిద్దలేదు.

అప్పుడు ఇన్‌స్పెక్టరు లేచి, దగ్గరికొచ్చి చూసి, ‘మీకేం కనిపిస్తోంది మేడమ్?’ అని ఇంగ్లీషులో అడిగారు.

యాభై రెండు మంది నా వైపే చూస్తున్నారు. నేను కూడా వెళ్ళి చూశాను. ఆ ముళ్ళూ పోగులూ ఏవీ నాకు కనిపించలేదు. ‘ఐ సీ మై సిస్టర్స్ థంబ్’ అన్నాను.

ఆయన నవ్వారు. పిల్లలు నవ్వలేదు, నీ బొటనవేలు చూడ్డానికి ఎగబడ్డారు. నువ్వెవరు, ఎక్కడుంటావు, ఆ కాయ ఎందుకు కాసింది, అన్నీ అడిగారు. అన్నీ చెప్పాను. గంట కొట్టేదాకా చెప్పాను. కాలాలన్నీ కలగాపులగం అయిపోయాయి. నా పట్టికలో ఎర్ర సిరాతో రాసిన క్రియలే రెండు తప్పు పడ్డాయి. ఆ తప్పులు నాకు తెలుస్తూనే ఉన్నాయి, అయినా ఆగలేదు. ఇన్‌స్పెక్టరు రిపోర్టులో ఏం రాశారో ఇంకా తెలియదు. ఏం రాసినా నాకు పరవాలేదు.

వచ్చే వారం పిల్లల్ని ఫోటో స్టూడియోకి తీసుకెళ్తున్నాను. అక్కడ గోడ మీద జలపాతం, మెట్లు, నెమలి గీసిన పెద్ద తెర ఉంది. మ్యూజియం లేకపోతేనేం? గొడుగు నా దగ్గర కూడా ఉంది. మీ టీచరుగారికి నా నమస్కారాలు చెప్పు. ఈసారి నిజంగా.

ఈ కాగితం పల్చగా ఉందేమిటి, అవతలివైపు సిరా ఇటు కనిపిస్తోందేమిటి అనుకుంటున్నావు కదూ. ఇంట్లో వేరే కాగితం లేక కాదు. ఒకసారి తిప్పి చూడు. వెనక నిన్నటి నా జ్వరం ఉంది.

నీ చెల్లి, పంతులమ్మ